పెద్ద కోతా, చిన్న కోతా? కూలీకి కావలసిన ఆపరేషన్ ఏది?

పామాయిలు తోటలో గెల కోసే పని ఎట్లా ఉంటుందో దమ్మపేట మండలంలో కూలికి పోయే ప్రతివాడికీ తెలుసు. పొడవాటి గడకు కొడవలి బిగించి, తల పైకెత్తి, పొట్ట బిగబట్టి గుంజాలి. పడిన గెల ఒక్కొక్కటి పదిహేను, ఇరవై కిలోలు తూగుతుంది. దాన్ని ఎత్తి ట్రాక్టరులో వేయాలి. అప్పారావుపేట ఫ్యాక్టరీకి పోయే ప్రతి లోడు వెనుకా కూలీల చేతుల బలం ఎంత ఉందో, పొట్ట కండరాల బలం అంతకన్నా ఎక్కువ ఉంది.

అట్లాంటి గెలల ముఠాలో పనిచేసే మా సంఘం సభ్యుడొకాయనకు కొన్నేళ్ళ కింద పెద్ద పేగులో గడ్డ ఉన్నదని తేలింది. క్యాన్సర్ అన్నారు. పట్నం పోయే ముందురోజు రాత్రి ఆయన నన్ను పిలిపించి అడిగిన మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "అన్నా, పొట్ట కోసి చేసేది ఒకటంట. బొక్కలు పెట్టి కెమెరాతో చేసేది ఒకటంట. మనకు ఏది మంచిది?" నేనేం చెప్పగలను? నాకూ తెలియదు. పక్కనే ఉన్న ఆయన భార్య మాత్రం ఒక్క మాటలో తేల్చేసింది. "ఏది చేస్తే తొందరగా పనికి పోతడో అది చేయించండి."

చివరికి పెద్ద కోత ఆపరేషనే జరిగింది. బాగానే జరిగింది. రోగం నయమైంది. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితం మీద మూడు నెలలు బరువు ఎత్తవద్దని రాశారు. నాలుగో వారానికే ఆయన మళ్ళీ తోటలో ఉన్నాడు. ఎందుకున్నాడో ఈ శీర్షిక చదివేవాళ్ళకు చెప్పనక్కరలేదు. ఆరు నెలలు తిరిగేసరికి కుట్లు పడిన చోట ఉబ్బు వచ్చింది. లోపలి పేగు బయటికి తోసుకువస్తోంది. దాన్నే హెర్నియా అంటారు. దానికి మళ్ళీ ఆపరేషన్, మళ్ళీ అప్పు. క్యాన్సర్ నుంచి బయటపడిన మనిషి ఈనాటికీ గెల ఎత్తలేడు.

ఇందులో డాక్టరు తప్పు లేదు. ఆయన తప్పూ లేదు. కానీ తప్పెక్కడో ఉంది. అది తెలుసుకోవడానికి ఈ రెండు రకాల ఆపరేషన్ల సంగతి మనం తెలుసుకోవాలి. ఇది డాక్టర్ల విషయం, మనకెందుకు అనుకుంటే పొరపాటు. కూలి రేటు ఎంత ముఖ్యమో, ఆ కూలి చేసే పొట్ట కూడా అంతే ముఖ్యం.

రెండు పద్ధతులు

పెద్ద పేగులో క్యాన్సర్ గడ్డ ఉంటే, గడ్డ ఉన్న ముక్కను, దానికి రక్తం తెచ్చే నాళాలను, చుట్టూ ఉన్న శోషరస గ్రంథులను కలిపి తీసివేసి, మిగిలిన రెండు కొసలను కలిపి కుడతారు. పేగు మెలికపడి కుళ్ళినా, పుండుపడి చిల్లిపడినా కొంత ముక్క తీయవలసి వస్తుంది. లోపల చేసే పని ఏ పద్ధతిలోనైనా ఇదే. తేడా అంతా లోపలికి పోయే దారిలో ఉంది.

పాత పద్ధతిలో బొడ్డు పైనుంచి కిందిదాకా జానెడు కోత పెడతారు. డాక్టరు చేతులు లోపల పెట్టి, కళ్ళారా చూస్తూ, తడుముతూ పనిచేస్తాడు. కొత్త పద్ధతి ల్యాప్రోస్కోపీ. పొట్టలోకి బొగ్గుపులుసు వాయువు నింపి గుడారంలా పైకి లేపుతారు. నాలుగైదు చిన్న రంధ్రాలు పెట్టి, ఒకదాంట్లోంచి కెమెరా, మిగతావాటిలోంచి సన్నని పనిముట్లు పంపుతారు. డాక్టరు టీవీ తెర చూస్తూ పనిచేస్తాడు. అయితే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కోసిన పేగు ముక్క ఆ చిన్న రంధ్రంలోంచి బయటికి రాదు. దానికి మూడు నాలుగు వేళ్ళ వెడల్పు కోత ఒకటి పెట్టక తప్పదు. కాబట్టి "కోతే ఉండదు" అని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఉంటుంది, చిన్నదిగా ఉంటుంది.

ఈ పద్ధతి ఎవరో కోటీశ్వరుల కోసం పుట్టిందని కూడా అనుకోవద్దు. మన దేశంలో ల్యాప్రోస్కోపీతో పిత్తాశయం తీసే ఆపరేషన్ మొదట జరిగింది 1990లో, బొంబాయిలోని జె.జె. ఆసుపత్రిలో. చేసినవారు డాక్టర్ తెహెమ్‌టన్ ఉద్వాడియా. జె.జె. ఆసుపత్రి ప్రభుత్వ ఆసుపత్రి, బీదాబిక్కీ పోయే ఆసుపత్రి. అంటే ఈ విద్య మన దేశంలో ప్రజల ఆసుపత్రిలో కాలుమోపి, తర్వాత కార్పొరేట్ల ప్రకటనల బోర్డుల మీదికి ఎక్కింది.

పరీక్షలు ఏం తేల్చాయి

పెద్ద పేగు ఆపరేషన్లు ల్యాప్రోస్కోపీతో చేయడం 1990 ప్రాంతంలో మొదలైంది. మొదట్లో డాక్టర్లకే భయం పట్టుకుంది. కెమెరా పెట్టిన రంధ్రాల దగ్గర క్యాన్సర్ తిరిగి మొలిచిన కేసులు కొన్ని బయటపడ్డాయి. కోత చిన్నదని సంబరపడి ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నామా అన్న ప్రశ్న వచ్చింది. అది న్యాయమైన ప్రశ్న. దానికి ఊహలతో కాకుండా పరీక్షలతో జవాబు వెతికారు.

ఉత్తర అమెరికాలో 48 ఆసుపత్రుల్లో 872 మంది పెద్ద పేగు క్యాన్సర్ రోగులను చీటీ తీసినట్టు రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు పెద్ద కోత, ఇంకో జట్టుకు ల్యాప్రోస్కోపీ. ఫలితాలు 2004లో అచ్చయినాయి. మూడేళ్ళలో రోగం తిరగబెట్టింది పెద్ద కోత జట్టులో నూటికి 18 మందికి, ల్యాప్రోస్కోపీ జట్టులో 16 మందికి. మూడేళ్ళ తర్వాత బతికి ఉన్నవాళ్ళు ఒక జట్టులో నూటికి 85 మంది, ఇంకో జట్టులో 86 మంది. అంటే తేడా లేనట్టే. భయపడినట్టు రంధ్రాల దగ్గర రోగం మొలవడం కూడా రెండు జట్లలోనూ చాలా అరుదు.

మరి తేడా ఎక్కడ వచ్చింది? పెద్ద కోత పొడవు సుమారు 18 సెంటీమీటర్లు, చిన్న కోత 6. ఆసుపత్రిలో ఉండవలసింది పెద్ద కోతకు 6 రోజులు, చిన్న కోతకు 5. నొప్పి ఇంజక్షన్లు 4 రోజులకు బదులు 3 రోజులు. ఆపరేషన్‌కు పట్టిన సమయం మాత్రం ల్యాప్రోస్కోపీకే ఎక్కువ. 95 నిమిషాల పని 150 నిమిషాలకు పెరిగింది. ఇంకోటి, ల్యాప్రోస్కోపీ మొదలుపెట్టిన ప్రతి అయిదుగురిలో ఒకరికి మధ్యలో ఆపి పెద్ద కోత పెట్టవలసి వచ్చింది. యూరప్‌లోని 29 ఆసుపత్రుల్లో జరిగి, 2005లో ఫలితాలు అచ్చయిన పరీక్ష కూడా ఇదే దారిలో మాట్లాడింది. రక్తం తక్కువ పోయింది, పేగు తొందరగా కదిలింది, ఒకరోజు ముందుగా ఇంటికి పోయారు, కానీ ఆపరేషన్‌కు సమయం ఎక్కువ పట్టింది.

ఈ అంకెలు చూసి కొందరు, ఒక్కరోజు తేడాకేనా ఇంత హడావుడి అంటారు. బల్ల దగ్గర కూర్చుని పనిచేసేవాడికి అది నిజంగా ఒక్కరోజు తేడాయే. కూలీ లెక్క వేరు.

కూలీ లెక్క

ఆసుపత్రి మంచం దిగినరోజుతో కూలీ కోలుకున్నట్టు కాదు. గడ్డపార ఎత్తినరోజున, మిరప బస్తా మోసినరోజున, నాట్లలో నడుము వంచినరోజున కోలుకున్నట్టు. పొట్ట మధ్యలో పెట్టిన పెద్ద కోత పైకి పది రోజుల్లో మానినట్టు కనబడుతుంది. లోపలి పొర గట్టిపడటానికి నెలలు పడుతుంది. అందుకే ఆరు వారాల నుంచి మూడు నెలల దాకా బరువు ఎత్తవద్దంటారు. ఎంత జాగ్రత్తగా కుట్టినా పొట్ట మధ్య పెద్ద కోత పెట్టినవాళ్ళలో నూటికి పది నుంచి ఇరవై మందికి తర్వాత హెర్నియా వస్తుందని వైద్య పుస్తకాలే చెబుతాయి. కోత పెద్దదైతే చీము పట్టే ప్రమాదం కూడా పెద్దదే. మట్టిలో, బురదలో, ఎరువుల్లో పనిచేసేవాళ్ళకి చీము అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కరలేదు.

కాబట్టి నా వాదన ఇది. ల్యాప్రోస్కోపీ వల్ల రోగం ఎక్కువ నయం కాదు. పొట్ట ఎక్కువ మిగులుతుంది. పొట్టతో పనిచేసేవాడెవడు? బరువు ఎత్తేవాడు. మరి ఆ చిన్న కోత ముందుగా ఎవరికి అందాలి? కుర్చీలో కూర్చునేవాడికి పెద్ద కోత పెట్టినా ఫైలు కదులుతుంది, జీతం ఆగదు. గెల కోసేవాడికి పెద్ద కోత పెడితే పొయ్యి ఆగిపోతుంది. కానీ జరుగుతున్నదేమిటి? డబ్బున్నవాడికి చిన్న కోత, రెక్కలున్నవాడికి పెద్ద కోత. అవసరం ఒకచోట ఉంటే సౌకర్యం ఇంకోచోట ఉంది. ల్యాప్రోస్కోపీని "విలాసం" అనేవాళ్ళకు మనం చెప్పవలసిన జవాబు ఇదే.

భ్రమలు వద్దు

ఇంత చెప్పినంత మాత్రాన యంత్రాన్ని దేవుణ్ణి చేయవద్దు. ల్యాప్రోస్కోపీ మన పల్లెలకు పేగు ఆపరేషన్‌తో రాలేదు. కుటుంబ నియంత్రణ శిబిరాలతో వచ్చింది. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక్కరోజే 34 మంది ఆడవాళ్ళకు ల్యాప్రోస్కోపీతో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు తల్లులు చనిపోయారు. అంతకుముందు 2014 నవంబరులో మన పొరుగు ఛత్తీస్‌గఢ్‌లో, బిలాస్‌పూర్ దగ్గర ఒక శిబిరంలో 83 మందికి కొద్ది గంటల్లోనే ఆపరేషన్లు కానిచ్చారు. పదిమందికి పైగా చనిపోయారు. కోతలు చిన్నవే. ప్రాణాలు పెద్దవి. పనిముట్లను సరిగా శుభ్రం చేయడానికి సమయం ఇవ్వకుండా, లెక్క పూర్తిచేయడమే పనిగా పెట్టుకుంటే చిన్న రంధ్రం కూడా మనిషిని మింగుతుంది.

ఇంకొక భ్రమ ఏమిటంటే, పెద్ద కోత అంటే నాసిరకం అనుకోవడం. అది తప్పు. పేగు మూసుకుపోయి పొట్ట డప్పులా ఉబ్బినప్పుడు, పేగు చిల్లిపడి మలం పొట్టంతా పాకినప్పుడు, గడ్డ పెద్దదై పక్క అవయవాలకు అతుక్కున్నప్పుడు, పాత ఆపరేషన్ల వల్ల లోపలంతా అతుకుల మయమైనప్పుడు, గుండె, ఊపిరితిత్తులు వాయువు ఒత్తిడిని తట్టుకోలేనప్పుడు పెద్ద కోతే ప్రాణం కాపాడుతుంది. ల్యాప్రోస్కోపీ మొదలుపెట్టి మధ్యలో పెద్ద కోతకు మారినా అది డాక్టరు ఓటమి కాదు, వివేకం. చేయి తిరిగిన డాక్టరు పెట్టే పెద్ద కోత, చేయి తిరగని డాక్టరు పెట్టే చిన్న కోతకన్నా వెయ్యి రెట్లు మేలు.

అందుచేత ఏ కూలీ కుటుంబమైనా కేవలం చిన్న కోత కోసం ఉన్న ఎకరం పోడు భూమి తాకట్టు పెట్టవద్దు, అయిదు రూపాయల వడ్డీకి అప్పు చేయవద్దు. రోగం నయం కావడంలో రెండూ సమానమేనని పరీక్షలు తేల్చాయి. ప్రైవేటు ఆసుపత్రి గుమ్మం దగ్గర ఎవరైనా "పొట్ట కోస్తే బతకడు, కెమెరాతో అయితే ఇంత కట్టండి" అని బెదిరిస్తే, అది వైద్యం మాట కాదు, వ్యాపారం మాట.

పెద్ద కోత పెట్టినా తొందరగా కోలుకునే మార్గం ఉందని కూడా తెలుసుకోవాలి. డెన్మార్క్‌లో హెన్రిక్ కెలెట్ అనే డాక్టరు 1990 దశకంలో ఒక పద్ధతి రూపొందించాడు. అంతకుముందు ఆపరేషన్ తర్వాత రోజులకు రోజులు తిండి పెట్టకుండా, ముక్కులో గొట్టం పెట్టి, మంచానికి అతికించేవారు. ఆయన అదంతా తిరగేశాడు. నొప్పి బాగా తగ్గించి, మొదటిరోజు నుంచే నోటితో తాగించి, తినిపించి, లేపి నడిపించాడు. పెద్ద కోత పెట్టినవాళ్ళు కూడా రెండు మూడు రోజులకే ఇంటికి పోగలిగారు. దీనికి కోట్ల రూపాయల యంత్రం అక్కరలేదు. తగినంతమంది నర్సులు, నొప్పి మందులు, ఓపిక కావాలి. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో లేనివి సరిగ్గా అవే.

అసలు జబ్బు ఆలస్యం

పెద్ద కోతా, చిన్న కోతా అన్న ప్రశ్న అసలు ఎవరికి వస్తుంది? ముందుగా ఆసుపత్రికి చేరినవాడికి. పేగు మూసుకుపోయి, 108 బండిలో అర్ధరాత్రి చేరినవాడికి ఆ ప్రశ్నే రాదు. ఉన్నది పెద్ద కోతే. చాలాసార్లు పేగు కొసను పొట్ట మీదికి తెచ్చి సంచీ తగిలించి పంపుతారు. మన కూలీలు ఎక్కువగా చేరేది ఈ దారినే.

ఎందుకు ఆలస్యమవుతుంది? మలంలో రక్తం పడితే మొలలు అనుకుంటాం. ఊళ్ళో ఆరెంపీ దగ్గర నాలుగు మాత్రలు, నాటు మందు, పథ్యం. ఆడవాళ్ళయితే సిగ్గుపడి చెప్పనే చెప్పరు. పేగు కుడివైపు గడ్డ ఉంటే రక్తం కంటికి కూడా కనబడదు. మనిషి పాలిపోయి, ఆయాసపడి, పని చేయలేకపోతాడు. "రక్తం తక్కువుంది" అని ఐరన్ మాత్రలు ఇస్తారు. ఆ రక్తం ఎక్కడికి పోతోందని ఎవరూ అడగరు. మేస్త్రీ మాత్రం "బద్ధకం" అంటాడు. నలభై దాటిన మనిషికి మలంలో రక్తం పడినా, మలవిసర్జన అలవాటు వారాల తరబడి మారినా, కారణం లేకుండా రక్తం, బరువు తగ్గినా పెద్ద ఆసుపత్రిలో చూపించి తీరాలి. అన్నీ క్యాన్సర్ కావు. మొలలూ ఉంటాయి, పేగు క్షయ కూడా ఉంటుంది. కానీ చూడకుండా తేల్చకూడదు.

మన దేశంలో ఈ క్యాన్సర్ పాశ్చాత్య దేశాలకన్నా తక్కువే. నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్లకు ఊళ్ళలో ముందస్తు పరీక్షలు చేయాలని ప్రభుత్వ కార్యక్రమం ఉంది. పెద్ద పేగు అందులో లేదు. అందరికీ చేయలేకపోయినా, లక్షణాలు ఉన్నవాళ్ళకైనా మలంలో దాగిన రక్తం చూసే పరీక్ష మండల స్థాయిలో ఎందుకు చేయకూడదు? దానికి కెమెరా అక్కరలేదు, పెద్ద డాక్టరూ అక్కరలేదు.

ఏం అడగాలి

2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. 2023 డిసెంబరులో తెలంగాణలో దాని పరిమితి 10 లక్షల రూపాయలకు పెంచారు. దానివల్ల ప్రాణాలు దక్కినవాళ్ళు మన ఊళ్ళలోనే ఉన్నారు, కాదనను. 2022లో కొత్తగూడెంలో, 2023లో ఖమ్మంలో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. హైదరాబాదు నిమ్స్‌లో 2023లో రోబోతో ఆపరేషన్ చేసే యంత్రం కూడా పెట్టారు. మంచిదే. అయితే దమ్మపేట నుంచి హైదరాబాదు మూడు వందల కిలోమీటర్ల దాకా ఉంది. రోగితోపాటు తోడు మనిషి, ఇద్దరి కూలి, ఇద్దరి తిండి, వారాల తరబడి తిరుగుడు. ఇది ఏ కార్డు మీదా రాని ఖర్చు. సర్కారు సొమ్ము పట్నంలోని ప్రైవేటు ఆసుపత్రులకు పోసే బదులు మన జిల్లా ఆసుపత్రిలోనే ఈ విద్యను నిలబెడితే ఆ ఖర్చు సగానికి సగం తగ్గుతుంది. ఈశాన్య రాష్ట్రాల్లో డాక్టర్ జ్ఞానరాజ్ వంటి గ్రామీణ సర్జన్లు వాయువు నింపకుండా, పొట్ట గోడను కొక్కెంతో పైకెత్తి, నడుముకు మత్తు ఇచ్చి కెమెరా ఆపరేషన్లు చేస్తున్నారు. పేగు క్యాన్సర్‌కు అది సరిపోతుందని నేననను. పిత్తాశయం, అపెండిక్స్ వంటివాటికి పల్లె ఆసుపత్రుల్లోనే దారి దొరుకుతుందని మాత్రం అది రుజువు చేసింది.

ఇక అన్నిటికన్నా పెద్ద విషయం. ఫ్యాక్టరీ కార్మికుడికి ఈఎస్ఐ ఉంది. జబ్బుపడితే ఏడాదిలో 91 రోజుల దాకా కూలిలో నూటికి 70 వంతున ఇస్తారు. ఆ చట్టం 1948లోనే వచ్చింది. గెల నూనెగా మార్చే ఫ్యాక్టరీలో కార్మికుడికి ఉన్న హక్కు, ఆ గెల కోసిన కూలీకి ఎందుకు లేదు? ఇది కుదరని పని కాదు. మన సరిహద్దు అవతల ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా అనే పథకం ప్రారంభించారు. ఆపరేషన్ అయి విశ్రాంతి తీసుకునే పేదవాడికి రోజుకు 225 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 5,000 ఇవ్వాలన్నది దాని నియమం. ఆ మొత్తం చాలదు. కానీ కోలుకునే రోజులకు కూడా కూలి కట్టాలన్న సూత్రాన్ని ఒక ప్రభుత్వం ఒప్పుకుంది. మనం పట్టుకోవలసింది ఆ సూత్రాన్ని.

కనుక మన కోర్కెలు ఇవి. కొత్తగూడెం, ఖమ్మం ప్రభుత్వ ఆసుపత్రుల్లో పేగు ఆపరేషన్లు రెండు పద్ధతుల్లోనూ నిలకడగా చేసే సర్జన్లు, మత్తు డాక్టర్లు, నర్సులు ఉండాలి. మలంలో రక్తం చూసే పరీక్ష మండలంలోనే దొరకాలి. సంచీ తగిలించిన రోగికి సంచీలు ఉచితంగా నెలనెలా అందాలి. ఆపరేషన్ అయిన వ్యవసాయ కూలీకి, డాక్టరు రాసిన విశ్రాంతి రోజులన్నిటికీ కనీస వేతనం లెక్కన భృతి ఇవ్వాలి.

కార్యకర్తలకు ఒక మాట. మన ఊరివాళ్ళతో ఆసుపత్రికి పోయినప్పుడు చేతులు కట్టుకు నిలబడవద్దు. మర్యాదగా, గట్టిగా అడగండి. ఈ రోగికి ఏ పద్ధతి, ఎందుకు? ఇక్కడ ఈ ఆపరేషన్ తరచుగా చేస్తారా? మధ్యలో పెద్ద కోతకు మారే అవకాశం ఉందా? సంచీ పెడతారా, ఎన్నాళ్ళు? ఎన్ని వారాలు బరువు ఎత్తకూడదు? ఆ చివరి జవాబును కాగితం మీద తెలుగులో రాయించుకోండి. ఆ కాగితం తీసుకుని ముఠా దగ్గరికి, మేస్త్రీ దగ్గరికి పోండి. ఆ వారాలు ఆయన వంతు గెలలు ముఠా ఎత్తుకోవాలి. సర్కారు భృతి వచ్చేదాకా మనకు మనమే ఈఎస్ఐ.

మా గెలల కూలీ అడిగిన ప్రశ్నకు ఇన్నేళ్ళకు నా దగ్గర జవాబు ఉంది. తమ్ముడూ, నీ రోగానికి రెండు కోతలూ ఒకటే. నీ పనికి చిన్న కోత మేలు. కానీ ఏ కోత పెట్టినా, అది మానేదాకా నీకు కూలి రావాలి. ఆరోజు నిన్ను నాలుగో వారానికే తోటలోకి పంపింది కోత కాదు, ఖాళీ బియ్యం డబ్బా. దాని సంగతి తేల్చుకోవలసింది ఆపరేషన్ థియేటర్లో కాదు, మండలాఫీసు ముందు.